బీటా పరీక్షకు టెస్టర్లను ఏ దారిలో చేర్చుకోవాలి? చిన్న బృందాలకు ఒక పోలిక

ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, విజయనగరం కళాశాలల్లో చదువుకున్న ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒక యాప్ తయారుచేయడం ఇప్పుడు మన జిల్లాల్లో అరుదైన సంగతి కాదు. యాప్ ఒక రూపానికి వచ్చాక విడుదలకు ముందు దాన్ని బయటివారి చేత వాడించి చూడాలని (ఇదే బీటా పరీక్ష, అలా వాడి చూసేవారే టెస్టర్లు) అందరికీ తెలుసు గానీ, ఆ బయటివారిని ఏ దారిలో చేర్చుకోవాలన్నది మాత్రం చాలా బృందాలు చివరి నిమిషంలో, ఎవరో చెప్పిన మాటను పట్టుకుని తేల్చేస్తాయి. ఆ తొందర వల్ల ప్లే స్టోర్‌లోకి వెళ్లడం వారాల తరబడి వెనక్కి పోవచ్చు. అంతకంటే నష్టమేమిటంటే, యాప్ ఎవరి కోసం తయారైందో వారి మాట ఒక్కటి కూడా చెవిన పడకుండానే పరీక్ష ముగిసిపోవచ్చు. అందుకే ఈ ఎంపికను కోడ్ రాసినంత శ్రద్ధతోనే చేయాలని నా అభిప్రాయం.

మాట గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల జీడి రైతులు, చిన్న వ్యాపారులు తమ అమ్మకాలనూ బాకీలనూ రాసుకోవడానికి ముగ్గురు సభ్యుల బృందం ఒక ఆండ్రాయిడ్ యాప్ తయారుచేసిందనుకుందాం. వారి ముందు ఉన్న దారులు ఇవి: ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) నేరుగా పంపడం, పరీక్ష వెర్షన్లను పంచే గూగుల్ సేవ ఫైర్‌బేస్ యాప్ డిస్ట్రిబ్యూషన్, ప్లే కన్సోల్‌లోని (డెవలపర్లు యాప్‌లను ప్లే స్టోర్‌లో పెట్టే చోటు) ఇంటర్నల్, క్లోజ్డ్, ఓపెన్ టెస్టింగ్‌లు, ఐఫోన్ యాప్ కూడా ఉంటే ఆపిల్ వారి టెస్ట్‌ఫ్లైట్. వీటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు లేదు. టెస్టర్ ఫోన్‌ను ఎంతవరకు స్వయంగా వాడగలడు, యాప్ చివరికి ప్లే స్టోర్‌లోకి వెళ్లాలా, డెవలపర్ ఖాతా వ్యక్తి పేరు మీద ఉందా సంస్థ పేరు మీద ఉందా అన్న మూడు సంగతులు తెలిస్తే జవాబు దానంతట అదే తేలుతుంది.

వాట్సాప్‌లో ఏపీకే పంపడం

అందరూ మొదట చేసేది ఇదే. ఖాతా అక్కరలేదు, రుసుము లేదు, సమీక్ష కోసం ఎదురుచూపు లేదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న మిత్రుడి ఫోన్‌లో వేసి చూడటానికి ఇంతకంటే వేగమైన దారి లేదు గనుక మొదటి కొన్ని రోజుల వరకు దీన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే రైతు ఫోన్‌లోకి ఇలా పంపడం వేరే సంగతి. ఆండ్రాయిడ్ 8 నుంచి, ఏ యాప్ ద్వారా ఫైలు వచ్చిందో ఆ యాప్‌కు తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతిని విడిగా ఇవ్వాలి. ఆ పైన గూగుల్ భద్రతా తనిఖీ అయిన ప్లే ప్రొటెక్ట్ హెచ్చరిక రావచ్చు. పెళ్లి శుభలేఖ, బ్యాంకు కేవైసీ, ప్రభుత్వ పథకం పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవవద్దని పోలీసులు పదేపదే చెబుతున్న కాలంలో, అదే ఫైలును తెరిచి, అదే హెచ్చరికను దాటి రమ్మని ఒక పెద్దాయనకు మనమే నేర్పడం మంచిది కాదు. ఈ రోజు మన కోసం ఆయన ఇచ్చిన ఆ అనుమతి రేపు మోసగాడికి ఉపయోగపడుతుంది.

ఇంకో చిక్కు ఆలస్యంగా బయటపడుతుంది. ప్లే స్టోర్ ద్వారా వెళ్లే యాప్‌కు ప్లే యాప్ సైనింగ్ విధానంలో గూగుల్ వద్ద ఉండే తాళంచెవితో (కీతో) డిజిటల్ సంతకం, అంటే యాప్ ఎవరిదో చెప్పే గుర్తు, పడుతుంది. మన ల్యాప్‌టాప్‌లో తయారై వాట్సాప్‌లో వెళ్లిన ఏపీకే మీద ఉన్నది సాధారణంగా వేరే సంతకం. రెండూ సరిపోలనప్పుడు పాత యాప్ పైన కొత్తది ఎక్కదు. పాతదాన్ని తీసేస్తే తప్ప ప్లే స్టోర్ వెర్షన్ రాదు, తీసేస్తే ఫోన్‌లో మాత్రమే దాచిన సమాచారం దానితో పాటే పోతుంది. వారం రోజుల పాటు ఓపికగా బస్తాల లెక్క రాసుకున్న వ్యాపారికి ఆ లెక్కంతా పోయిందని చెప్పాల్సివస్తే, ఆయన మళ్లీ మన యాప్‌ను ముట్టుకుంటాడని ఆశించలేం. కాబట్టి నిజమైన లెక్కలు రాయబోయే వ్యక్తికి మొదటి రోజు నుంచే ప్లే స్టోర్ ద్వారా యాప్ అందేలా చూడాలి.

ఫైర్‌బేస్ యాప్ డిస్ట్రిబ్యూషన్

ఏపీకే పంపడంలోని అయోమయాన్ని ఇది చాలావరకు తగ్గిస్తుంది. టెస్టర్ల ఈమెయిళ్లను గుంపులుగా పెట్టుకోవచ్చు, ఆహ్వాన లింకు ఇవ్వవచ్చు, ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో చూడవచ్చు. దీనికి రుసుము లేదు. ప్రతి విడుదల 150 రోజుల పాటు అందుబాటులో ఉంటుంది. కానీ ఆండ్రాయిడ్‌లో ఇక్కడ కూడా తెలియని యాప్‌ల అనుమతి ఇవ్వక తప్పదు, ఐఫోన్‌లోనైతే ప్రతి పరికరపు గుర్తింపు సంఖ్యను ముందే నమోదు చేయాలి. బృందం సభ్యులు, డిజైన్ చేసిన మిత్రుడు, యాప్ తయారుచేయించుకుంటున్న యజమాని వంటివారికి రోజుకో వెర్షన్ పంపవలసి వచ్చినప్పుడు ఇది చక్కటి దారి. రైతు దగ్గరకు తీసుకువెళ్లే దారి మాత్రం కాదు.

ప్లే కన్సోల్‌లోని మూడు దారులు

ప్లే కన్సోల్ ఖాతాకు 25 డాలర్ల రుసుము ఒక్కసారే కట్టాలి. ఆ తర్వాత ఇంటర్నల్ టెస్టింగ్‌లో ఒక్కో యాప్‌కు 100 మంది వరకు చేర్చుకోవచ్చు. మొదటిసారి లింకు పనిచేయడానికి కొంత సమయం పట్టినా, తర్వాతి వెర్షన్లు సాధారణంగా నిమిషాల్లోనే అందుతాయి. టెస్టర్ ఏ దేశంలో ఉన్నా ఫరవాలేదు, డబ్బు చెల్లించవలసిన యాప్ అయినా వారికి ఉచితంగానే వస్తుంది. మన జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారు ఎందరో ఉన్నారు గనుక, వారిలో ఒకరిని టెస్టర్‌గా పెట్టుకోవాలనుకునే బృందానికి ఈ వెసులుబాటు నిజంగా పనికివస్తుంది. ఎందుకంటే క్లోజ్డ్ టెస్టింగ్‌లో మనం ఎంచుకున్న దేశాల జాబితాలో వారి ప్లే ఖాతా దేశం లేకపోతే, ఈమెయిల్ సరిగ్గానే చేర్చినా యాప్ వారికి కనిపించదు.

ఇంత సౌకర్యం ఉండటం వల్లనే చాలా బృందాలు ఇంటర్నల్ టెస్టింగ్‌లోనే నెలల తరబడి ఉండిపోతాయి. అక్కడే ఇబ్బంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు గూగుల్ ఒక నిబంధన పెట్టింది: యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టే నాటికి, కనీసం 12 మంది టెస్టర్లు క్లోజ్డ్ టెస్టింగ్‌లో 14 రోజుల పాటు నిరంతరంగా చేరి ఉండాలి. మొదట ఈ సంఖ్య 20గా ఉండేది, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. ఇంటర్నల్ టెస్టింగ్‌లో 50 మంది మూడు నెలలు వాడినా ఆ రోజులు ఈ లెక్కలోకి రావు. సంస్థ పేరు మీద ఉన్న ఖాతాలకు ఈ నిబంధన లేదు, కానీ ఆ ఖాతాకు డన్స్ సంఖ్య (సంస్థలకు ఇచ్చే ఒక అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘమో నమోదైన కంపెనీయో యాప్ వెనుక ఉంటే, ఖాతాను మొదటే సంస్థ పేరు మీద తెరవడం తెలివైన పని. యాప్ అసలు యజమాని సంఘమే అయినప్పుడు, ఖాతా ఒక కుర్రవాడి వ్యక్తిగత జీమెయిల్ మీద ఉండటం ఏ విధంగా చూసినా సరికాదు.

అందుచేత వ్యక్తిగత ఖాతా ఉన్న బృందానికి క్లోజ్డ్ టెస్టింగ్ తప్పనిసరి. తప్పనిసరి కాకపోయినా నేను దాన్నే సూచిస్తాను. మనం పిలిచినవారే వస్తారు, యాప్ ప్లే స్టోర్ నుంచే దిగుతుంది, అప్‌డేట్లు మామూలు యాప్‌లకు వచ్చినట్లే వస్తాయి, టెస్టర్లు రాసే అభిప్రాయం మనకు మాత్రమే కనిపిస్తుంది, బయట కనిపించే రేటింగ్ మీద దాని ప్రభావం ఉండదు. గూగుల్ సమీక్ష మాత్రం ఉంటుంది గనుక, ఈ రోజు పెట్టిన వెర్షన్ ఈ రోజే అందుతుందన్న లెక్కతో ఎవరికీ మాట ఇవ్వకూడదు.

క్లోజ్డ్ టెస్టింగ్‌లో చేర్చే పద్ధతులు మళ్లీ రెండు: ఈమెయిల్ జాబితా, గూగుల్ గ్రూప్. ఒక్కో జాబితాలో 2,000 మంది వరకు పెట్టవచ్చు గనుక చిన్న బృందానికి పరిమితి సమస్యే కాదు. ఆలోచించవలసింది రోజువారీ నిర్వహణ గురించే. జాబితాలోకి ఈమెయిళ్లను ఒక్కొక్కటిగా టైపు చేయవచ్చు, లేదా సీఎస్‌వీ (పట్టికను సాదా అక్షరాలుగా దాచే) ఫైలుగా ఎక్కించవచ్చు. ఫైలులో ఒక్కో వరుసకు ఒక్కో ఈమెయిల్ ఉండాలి, కామాలు పెట్టకూడదు. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి: కొత్త ఫైలు ఎక్కిస్తే అంతకు ముందు చేత్తో చేర్చిన ఈమెయిళ్ల పక్కన అది చేరదు, వాటి స్థానంలోకి వస్తుంది. కొత్తగా వచ్చిన ఐదుగురి పేర్లతో ఫైలు ఎక్కించి, పాత పదిహేను మందిని తెలియకుండానే తీసేయడం ఇలాగే జరుగుతుంది. పద్నాలుగు రోజుల లెక్క నడుస్తున్నప్పుడు దీని విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఎప్పుడూ పూర్తి జాబితా ఉన్న ఒకే ఫైలును ఒకే మనిషి దగ్గర ఉంచి, దానికే కొత్త పేర్లు కలిపి, మొత్తాన్నీ ఎక్కించడం క్షేమం.

గూగుల్ గ్రూప్‌లో లాభం ఏమిటంటే, గ్రూప్ చిరునామాను ఒక్కసారి కన్సోల్‌లో పెడితే చాలు. ఆ తర్వాత పలాసలో తిరిగే సభ్యుడు కన్సోల్ జోలికి పోకుండానే కొత్తవారిని గ్రూప్‌లో చేర్చగలడు, అతనికి డెవలపర్ ఖాతా అనుమతులు ఇవ్వవలసిన అవసరం రాదు. కానీ టెస్టర్ వైపు నుంచి చూస్తే మెట్టు ఒకటి పెరిగింది. ముందు గ్రూప్‌లో సభ్యుడు కావాలి, తర్వాత పరీక్ష లింకు తెరిచి చేరతానని నొక్కాలి, ఆ తర్వాతే ప్లే స్టోర్‌లో యాప్ కనిపిస్తుంది. పైగా గ్రూప్ సెట్టింగుల్లో సభ్యుల జాబితాను నిర్వాహకులు మాత్రమే చూసేలా మార్చకపోతే, ఒకరి ఈమెయిల్ ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది. విద్యార్థులు, ఉద్యోగులు ఎక్కువగా ఉండే పరీక్షకు గ్రూప్ నప్పుతుంది. మన ఉదాహరణలోని రైతులకు, వ్యాపారులకు ఈమెయిల్ జాబితాయే మేలు, ఎందుకంటే వారు చేయవలసిన పని ఎంత తగ్గితే అంత మంచిది.

ఓపెన్ టెస్టింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్లే స్టోర్ పేజీ నుంచి ఎవరైనా చేరవచ్చు, సంఖ్యకు పరిమితి పెట్టాలన్నా అది 1,000కి తగ్గకూడదు. కొత్త వ్యక్తిగత ఖాతాలకు విడుదల అనుమతి వచ్చాక గానీ ఇది అందుబాటులోకి రాదు. ఒక పట్టణానికో ఒక పంటకో సంబంధించిన యాప్‌కు ఇది తొలి మెట్టు కానే కాదు. యాప్ విడుదలయ్యాక, పెద్ద మార్పులను ముందుగా ఆసక్తి ఉన్నవారికి చూపించాలనుకున్నప్పుడు దీని సంగతి ఆలోచించవచ్చు.

ఐఫోన్ యాప్ ఉంటే

ఆపిల్ డెవలపర్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. టెస్ట్‌ఫ్లైట్‌లో ఇంటర్నల్ టెస్టర్లు 100 మంది వరకు ఉండవచ్చు గానీ, వారు మన యాప్ స్టోర్ కనెక్ట్ (ఆపిల్‌లో యాప్‌లను నిర్వహించే చోటు) ఖాతాలో సభ్యులై ఉండాలి. బయటివారిని 10,000 మంది వరకు ఈమెయిల్ ద్వారా గానీ పబ్లిక్ లింకు ద్వారా గానీ చేర్చవచ్చు. పబ్లిక్ లింకు ఇస్తే ఎవరి ఈమెయిల్ అడగనక్కరలేదు, ఎంతమంది చేరవచ్చో పరిమితి కూడా పెట్టవచ్చు. ఈ ఒక్క విషయంలో టెస్ట్‌ఫ్లైట్ ప్లే కన్సోల్ కంటే హాయి. బయటివారికి పంపే మొదటి బిల్డ్ (తయారైన వెర్షన్) ఆపిల్ సమీక్ష దాటాలి, ప్రతి బిల్డ్ 90 రోజులకు పనిచేయడం మానేస్తుంది. మన ప్రాంతపు రైతులు, చిన్న వ్యాపారుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఆండ్రాయిడ్ ఫోన్లే గనుక, చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే ముందు ఆండ్రాయిడ్ పరీక్ష ముగించి తర్వాత ఐఫోన్ సంగతి చూడటమే సబబు.

ఎవరిని చేర్చాలి?

దారి ఎంచుకోవడం కంటే ఇది పెద్ద ప్రశ్న. దీన్ని చాలామంది ప్రశ్నగానే చూడరు. కళాశాల మిత్రులను పిలిస్తే ఒక సాయంత్రంలో ముప్పై మంది దొరుకుతారు. వారి ఫోన్లు కొత్తవి, ఈమెయిల్ కంఠస్థం, లింకు పంపిన క్షణంలో చేరతారు. యాప్ ఆగిపోయినా, బటన్ పనిచేయకపోయినా వారే ముందు చెబుతారు. కానీ మన యాప్ జీడిపిక్కల ధరను క్వింటాలుకు అడుగుతోందనుకోండి. విద్యార్థి ఏదో ఒక అంకె వేసి ముందుకు వెళతాడు. పలాస వైపు రైతు మాత్రం అక్కడ ఆగిపోతాడు, ఎందుకంటే ఆ ప్రాంతంలో పిక్కల బేరం నడిచేది 80 కిలోల బస్తా లెక్కన. ఆయన బస్తా ధరను క్వింటాలు గడిలో వేస్తే ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి, యాప్ మాత్రం ఎక్కడా ఆగకుండా చక్కగా నడుస్తూనే ఉంటుంది. ఇలాంటి లోపం యాప్ ఆగిపోయినప్పుడు వచ్చే ఏ క్రాష్ నివేదికలోనూ కనిపించదు. ఇచ్ఛాపురం వైపు ఒడియాలో ఫోన్ వాడేవారు, మెళియాపుట్టి కొండ అంచు ఊళ్లలో సిగ్నల్ కోసం వీధి చివరకు వచ్చేవారు, కళ్లద్దాల కోసం అక్షరాల సైజు పెద్దది చేసుకున్నవారు కూడా అలాగే మనకు తెలియని సంగతులు చూపిస్తారు. అక్షరాల సైజు పెంచగానే తెలుగు మాటలు బటన్ల అంచు దాటి తెగిపోవడం మన యాప్‌లలో మరీ తరచుగా కనిపించే లోపం.

కాబట్టి ఇద్దరినీ తీసుకోవాలి, కానీ వేర్వేరు దశల్లో. ముందు మిత్రులను ఇంటర్నల్ టెస్టింగ్‌లో పెట్టి, యాప్ మధ్యలో ఆగిపోయే లోపాలన్నీ సరిచేసుకోవాలి. ఆ తర్వాతే క్లోజ్డ్ టెస్టింగ్ తెరిచి, అందులో సగానికి తక్కువ కాకుండా అసలు వాడకందారులను చేర్చాలి. నిబంధన ప్రకారం 12 మంది చాలినా, పద్దెనిమిది ఇరవై మందితో మొదలుపెట్టమని చెబుతాను. ఫోన్ మార్చేవారు, లింకులో పొరపాటున బయటికి వచ్చేవారు తప్పకుండా ఉంటారు. ఒకరు బయటికి వెళ్లి మళ్లీ చేరితే వారి రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

డబ్బు తీసుకుని 12 మంది టెస్టర్లను చూపిస్తామనేవారు, నా యాప్‌లో నువ్వు చేరితే నీ యాప్‌లో నేను చేరతాననే గుంపులు కూడా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. విడుదలకు దరఖాస్తు చేసేటప్పుడు టెస్టర్లను ఎలా చేర్చుకున్నారు, వారు యాప్‌ను ఎలా వాడారు, ఏం చెప్పారు, దాన్ని బట్టి మీరు ఏం మార్చారు అని గూగుల్ అడుగుతుంది. యాప్‌ను తెరవని పన్నెండు ఖాతాల గురించి నిజాయితీగా రాయడానికి ఏమీ ఉండదు.

ఈమెయిల్ తీసుకునేటప్పుడు

విద్యార్థులకు గూగుల్ ఫారం పంపితే సరిపోతుంది. మిగతావారి దగ్గరకు మనిషి వెళ్లాలి. ఫోన్ కొన్నప్పుడు దుకాణం వారో, ఇంట్లో పిల్లలో తెరిచి ఇచ్చిన జీమెయిల్ ఖాతా తన ఫోన్‌లో ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఒకే ఫోన్‌లో రెండు మూడు ఖాతాలు ఉండటమూ మామూలే. మనం చేర్చిన ఈమెయిల్ ఒకటి, ప్లే స్టోర్ తెరిచి ఉన్న ఖాతా ఇంకొకటి అయితే యాప్ అందుబాటులో లేదనే పేజీ వస్తుంది. టెస్టర్ అక్కడితో ఫోన్ పక్కన పెట్టేస్తాడు. అందువల్ల ముందుగా ప్లే స్టోర్ తెరిచి, పైన కుడి మూలన ఉన్న గుండ్రటి బొమ్మను నొక్కి, అక్కడ కనిపించే ఈమెయిల్ ఏదో చూడాలి. తర్వాత అదే ఫోన్‌లోని జీమెయిల్ నుంచి, అదే ఖాతాతో, బృందం చిరునామాకు ఒక ఖాళీ ఉత్తరం పంపించమనాలి. చేత్తో రాసుకుంటే ఒకటి అంకెకూ ఎల్ అక్షరానికీ, సున్నాకూ ఓ అక్షరానికీ తేడా పోతుంది. ఉత్తరంగా వస్తే చిరునామా అక్షరం పొల్లు పోకుండా వస్తుంది, తన సమ్మతితోనే పంపాడన్నదానికి ఆధారమూ మిగులుతుంది.

సమ్మతి మాట ఊరికే అనలేదు. ఈమెయిల్ వ్యక్తిగత సమాచారం. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో చూసినా, మామూలు మర్యాద దృష్టిలో చూసినా, దాన్ని ఎందుకు తీసుకుంటున్నామో, పరీక్ష అయ్యాక ఏం చేస్తామో ముందే తెలుగులో చెప్పాలి. 18 ఏళ్లు నిండని విద్యార్థులను టెస్టర్లుగా తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలి.

రోజులు ఎంచుకోవడం

జీడి యాప్‌ను వర్షాకాలంలో పరీక్షిస్తే రైతు దగ్గర రాయడానికి లెక్కే ఉండదు. పిక్కలు రాలి బేరాలు జరిగే వేసవి నెలల్లో పద్నాలుగు రోజులు పడేలా చూసుకోవాలి, సమీక్షకు పట్టే సమయాన్ని కలుపుకుని దానికి తగినంత ముందుగా వెర్షన్ పెట్టాలి. విజయనగరంలో సిరిమానోత్సవం జరిగే వారం, సంక్రాంతి వారం పరీక్షకు మంచివి కావు, ఎవరూ యాప్ తెరవరు. టెస్టర్లను కూడగట్టడానికి మాత్రం సంక్రాంతిని మించిన సమయం లేదు. హైదరాబాదు, విశాఖ, బెంగళూరుల నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లోనే ఉంటారు, నాన్నగారి ఫోన్‌లోని ఖాతా చూసి ఖాళీ ఉత్తరం పంపే పని వారే చేసిపెడతారు.

పరీక్ష మొదలైన రోజు నుంచే ఒక పుస్తకంలో గానీ స్ప్రెడ్‌షీట్‌లో గానీ నాలుగు గడులు పెట్టి రాసుకోండి: టెస్టర్ ఎవరు, ఏ తేదీన చేరారు, ఏం చెప్పారు, దానికి ఏ వెర్షన్‌లో ఏం మార్చాం. రైతులు ప్లే స్టోర్‌లో అభిప్రాయం టైపు చేయరు, ఫోన్ చేసి చెబుతారు లేదా వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతారు. వాటిని విన్న రోజే ఈ గడుల్లోకి ఎక్కించాలి. పద్నాలుగో రోజు దాటాక దరఖాస్తులోని ప్రశ్నలకు జవాబులు రాయవలసింది ఈ పట్టికలోంచే.